సీట్ల పంపకం: హన్మకొండ స్థానం ఎందుకు పోయింది, తెలంగాణ లోక్‌సభ సీట్లు 17 దగ్గరే ఎందుకు ఉన్నాయి

చెరువు కింద సాగు చేసే రైతుకు దామాషా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. యాసంగిలో రామప్పలోనో పాకాలలోనో నీళ్లు తగ్గితే, ఉన్న నీటితో ఎన్ని ఎకరాలు పారుతాయో తైబందీలో తేల్చి ఆ ప్రకారమే తూము ఎత్తుతారు. చట్టంలోనూ పరిపాలనలోనూ దామాషా పంపకమంటే ఇదే. పంచవలసినది పరిమితంగా ఉన్నప్పుడు, ముందే ఒప్పుకున్న ఒక కొలతను బట్టి ఎవరి వంతు ఎంతో నిర్ణయిస్తారు. 2014లో ఉమ్మడి రాష్ట్రం విడిపోయినప్పుడు, ప్రాంతాల వారీగా విడదీయడానికి వీల్లేని అప్పులను జనాభా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పంచారు. లోక్‌సభ సీట్లను రాష్ట్రాలకు పంచేది కూడా జనాభా కొలతతోనే.

సీట్ల పంపకంలో రెండు అంచెలు ఉన్నాయి. వాటిని కలగలిపి మాట్లాడటం వల్లనే మన దగ్గర చర్చ తరచూ దారి తప్పుతోంది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చడం మొదటి అంచె. రాజ్యాంగం 81వ అధికరణం ప్రకారం, జనాభాకూ సీట్లకూ మధ్య నిష్పత్తి అన్ని రాష్ట్రాల్లోనూ వీలైనంత వరకు ఒకేలా ఉండాలి. వచ్చిన సీట్లకు రాష్ట్రం లోపల హద్దులు గీయడం రెండో అంచె. ప్రతి జనగణన తర్వాత ఈ రెండింటినీ సరిచూడాలన్నది 82వ అధికరణం. మొదట్లో అలాగే జరిగింది కాబట్టి, 1962 ఎన్నికల్లో 43గా ఉన్న ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 1967లో 41, 1977లో 42 అయ్యాయి. మొదటి అంచె అక్కడితో ఆగిపోయింది.

ఎమర్జెన్సీ కాలంలో, 1976లో వచ్చిన 42వ సవరణ రాష్ట్రాల వాటాలను 1971 జనాభా లెక్కల దగ్గరే నిలిపివేసింది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా అమలు చేసిన రాష్ట్రానికి సీట్లు తగ్గితే, చెప్పిన పని చేసినందుకే శిక్ష పడినట్లవుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 2000 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా ఉండవలసిన ఆ నిలుపుదలను, 84వ సవరణ 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2003 నాటి 87వ సవరణ మాత్రం, సీట్ల సంఖ్య కదలకుండా, 2001 లెక్కల ఆధారంగా రాష్ట్రాల లోపల హద్దులు మార్చుకోవచ్చని అనుమతి ఇచ్చింది.

వరంగల్ వాసులు కళ్లారా చూసింది ఈ రెండో అంచెనే. నియోజకవర్గాల హద్దులు గీసే డీలిమిటేషన్ కమిషన్ జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన తీసుకున్న నిర్ణయాలు 2009 ఎన్నికల నాటికి అమల్లోకి వచ్చినప్పుడు, 1977, 1980లలో పి.వి.నరసింహారావును గెలిపించి, 1984లో ఆయనను ఓడించి చందుపట్ల జంగారెడ్డిని పంపిన హన్మకొండ లోక్‌సభ స్థానం పటం మీద లేకుండా పోయింది. వరంగల్ ఎస్సీలకు రిజర్వు అయింది. 1960ల దాకా ఉండి, ఆ తర్వాత రద్దయిన మహబూబాబాద్, ఎస్టీ స్థానంగా మళ్లీ వచ్చింది. ఈ రిజర్వేషన్లలోనూ దామాషా సూత్రమే ఉంది. ఎన్ని సీట్లన్నది రాష్ట్ర జనాభాలో ఆ వర్గాల వాటాను బట్టి తేలుతుంది. ఎస్టీ సీట్లను వారి జనాభా శాతం ఎక్కువగా ఉన్న చోట పెడతారు. ములుగు, ఇల్లెందు, పినపాక, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాలను నర్సంపేటతో కలిపి ఒకే లోక్‌సభ స్థానం చేయడానికి అదే ఆధారం.

అసెంబ్లీ స్థానాల్లో శాయంపేట, చేర్యాల పోయాయి, భూపాలపల్లి, పాలకుర్తి వచ్చాయి. 2016లో జిల్లాలను విడదీసినా నియోజకవర్గాల గీతలు 2008 నాటివే కావడంతో, ఇప్పుడు పాలకుర్తి నియోజకవర్గంలో పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామ జిల్లాలో ఉన్నాయి, తొర్రూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, రాయపర్తి వరంగల్ జిల్లాలో ఉంది. ఒక్క ఎమ్మెల్యే తన నియోజకవర్గం పనుల కోసం ముగ్గురు కలెక్టర్లను కలవాలి. పటం మీద చిన్న విషయంగా కనబడే ఈ గీత, అర్జీ పట్టుకుని తిరిగే మనిషికి రోజంతా పట్టే పని.

ఇక మొదటి అంచె. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో సగటున 10 లక్షల పైచిలుకు మందికి ఒక ఎంపీ ఉంటే, 2011 లెక్కల ప్రకారం 17 సీట్లున్న తెలంగాణలో దాదాపు 20.6 లక్షల మందికి ఒకరు ఉన్నారు. అదే బీహార్‌లో సుమారు 26 లక్షలకు ఒకరు, కేరళలో 17 లక్షల లోపే. బీహార్ ఓటరు విలువ తగ్గిందన్న మాటలో నిజం ఉంది, దాన్ని మనం కొట్టిపారేయకూడదు. అయితే ఆ లోటును సరిదిద్దే భారాన్ని, జాతీయ విధానాన్ని నమ్మి జనాభాను అదుపు చేసుకున్న రాష్ట్రాల మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది కూడా ఈ ఆందోళనతోనే.

అసెంబ్లీ సీట్ల సంగతి వేరు. 2014 విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణలో 119ని 153కు పెంచమంది గానీ, అసెంబ్లీ సీట్లకూ అదే 2026 గడువు పెట్టిన రాజ్యాంగం 170వ అధికరణానికి దాన్ని లోబరిచింది. ఆ పెంపును వెంటనే చేపట్టాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టివేసింది. 84వ సవరణ పెట్టిన గడువు ప్రకారం, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకున్న జనగణనలో రాయపర్తిలోనైనా భద్రాచలంలోనైనా ఎన్యుమరేటర్ ఇల్లిల్లూ తిరిగి రాసుకునే తలల లెక్కే లోక్‌సభ, అసెంబ్లీ సీట్ల పంపకాలు రెండింటికీ కొలత.