ఇంట్లో పాట రికార్డింగ్: హన్మకొండ నుంచి డల్లాస్ దాకా తిరుగుతున్న అపోహలు

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఉద్యోగమో వ్యాపారమో చూసుకుంటూ సాయంత్రం పూట పాట ముందు కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో కలిసి వాయించిన దోస్తులు కొందరు ఇప్పుడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, లండన్‌లో ఉన్నారు. పల్లవి ఇక్కడ రికార్డవుతుంది, గిటార్ అక్కడ పడుతుంది. రెండు చోట్లా డబ్బు మొదట మైకుకే పోతుంది. పాటను ఎక్కువగా చెడగొట్టేవి మాత్రం గది, నోటికీ మైకుకూ మధ్య దూరం, ఇంటి కరెంటు. ఈ మూడూ చక్కబడకుండా ఖరీదైన మైకు తెస్తే అదే మోత, అదే గుర్రుమనే చప్పుడు ఇంకా తేటగా వినిపిస్తాయి.

అపోహ: గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తే గది సౌండ్‌ప్రూఫ్ అవుతుంది.

వాస్తవం: బయటి చప్పుడును ఆపడం ఒక పని, లోపలి మోతను, అంటే గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని, పీల్చడం వేరే పని. ఆపాలంటే బరువు కావాలి, సందులు ఉండకూడదు. మన 9 అంగుళాల ఇటుక గోడ ఆ పని ఎలాగూ చేస్తోంది. చప్పుడు వచ్చేది తలుపు కింది సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి, వెంటిలేటర్‌లోంచి. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీ చట్రానికి ఫోమ్ టేపు, వెంటిలేటర్‌కు కొలత ప్రకారం కోసిన ప్లైవుడ్ ముక్క పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. ట్రేలు పెడితే ఏమీ తెలియదు.

ఇక మోత సంగతి. 1000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది 3.4 మీటర్లు. పీల్చే సరుకు మందం, దాని వెనక వదిలిన ఎడంతో కలిపి, అల పొడవులో నాలుగో వంతు దాకా ఉంటేనే ఆ శబ్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పలుచని అట్ట ట్రే పై శబ్దాల మెరుపును కాస్త తగ్గించి, కింది గుమ్మును అలాగే వదిలేస్తుంది. పాట డబ్బాలో పాడినట్టు వస్తుంది. పైగా అది ఎండిన అట్ట. వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉన్న గదిలో గోడ నిండా నిప్పంటుకునే సరుకు పెట్టుకోవడం ప్రమాదం.

స్లాబు, సిమెంటు గోడలు, నున్నటి టైల్స్ ఉన్న గదిలో ముందు చూడాల్సింది పాడేవారి వెనక గోడ. కార్డియాయిడ్ మైకు (ముందు నుంచి ఎక్కువగా, వెనక నుంచి తక్కువగా వినే రకం) ముఖం పాడేవారి వైపు ఉంటుంది కాబట్టి, వాళ్ల వెనక నుంచి తిరిగొచ్చే మోతే దానికి నేరుగా తగులుతుంది. చాలామంది మైకు వెనక ఫోమ్ కవచం పెట్టి, పాడేవారి వెనక ఖాళీ గోడ వదిలేస్తారు. అది తలకిందుల పని. దూది పరుపును వీపు వెనక నిలబెట్టండి. అటూ ఇటూ దండెం కట్టి, గోడకు జానెడు ఎడంగా బొంతలు వేలాడదీయండి. ఖర్చు పెట్టే ఆలోచన ఉంటే ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న 50 మిల్లీమీటర్ల రాక్‌ఊల్ (రాతి నార) పలకలు రెండేసి జతచేసి, చెక్క ఫ్రేములో పెట్టి, నూలు గుడ్డ బిగించండి. పట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానా నేల మీద రెండు మడతలు వేస్తే టైల్స్ మెరుపు తగ్గుతుంది. అంతవరకే, గుమ్మును ఆపేంత మందం దానికి లేదు.

గది కొలతలు కూడా చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగులే అయితే 56, 112, 168 హెర్ట్జ్‌ల దగ్గర మోత మూడింతలై ఒకేచోట కుప్ప పడుతుంది. ఒకటో శ్రుతిలో పాడే మగగొంతుకు అంతర గాంధారం 165 దగ్గరే ఉంటుంది. మిగతా స్వరాలన్నీ సమంగా వచ్చి, గాంధారం ఒక్కటే ఉబ్బినట్టు వినిపిస్తే గొంతును తప్పుపట్టకండి. మైకుతో సహా అడుగున్నర జరిగి మళ్లీ పాడి చూడండి. గది నడిమధ్య, మూల రెండూ వద్దు. పొడవులో మూడో వంతు దగ్గర మొదలుపెట్టండి.

అపోహ: కండెన్సర్ మైకు వీధి చప్పుడంతా లాగేస్తుంది, డైనమిక్ లాగదు.

వాస్తవం: కండెన్సర్ కరెంటుతో పనిచేసే సున్నితమైన మైకు, డైనమిక్ కరెంటు అక్కర్లేని గట్టి మైకు. రెండూ ఒకే దూరంలో పెట్టి, రెండింటి దిశా స్వభావం ఒకటే అయి, గొంతు లెవెల్ సమం చేస్తే వీధి చప్పుడు కూడా దాదాపు సమంగానే వస్తుంది. డైనమిక్‌ను పెదవులకు ఆనించి పాడతారు, కండెన్సర్‌ను అడుగు దూరంలో పెడతారు. తేడా అంతా అక్కడే. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వీధి చప్పుడు పెరగదు. నయీంనగర్ మెయిన్ రోడ్డు పక్కనో, కాజీపేటలో రైలు పట్టాల దగ్గరో ఇల్లుంటే మైకును 30 సెంటీమీటర్ల నుంచి 15కు తీసుకురండి. ప, బ అక్షరాల గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్ పెట్టండి. కార్డియాయిడ్ మైకుకు చెవుడు దాని వీపు వైపు ఉంటుంది, కాబట్టి వీపు కిటికీకి చూపించండి. 10 సెంటీమీటర్ల లోపలికి వస్తే గొంతులో బేస్ ఉబ్బుతుంది. 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించేది) వేయండి.

డైనమిక్‌కు వేరే చిక్కుంది. దానికి 50 నుంచి 60 డెసిబెల్స్ గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) కావాలి. మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ చవకదైతే అంత తిప్పేసరికి సుయ్యిమంటుంది. మైకుతో పాటు డబ్బాలో వచ్చే కేబుల్‌ను కూడా చూసుకోండి. ఒక చివర కానన్ (మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్), మరో చివర పి-38 జాక్ (లావు గిటార్ పిన్) ఉంటే అది ఆంప్లిఫయర్‌కు ఉద్దేశించింది. అందులోంచి కండెన్సర్‌కు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ పోదు, గుర్రు మాత్రం వస్తుంది. రెండు చివరలా కానన్ ఉన్నదే వాడండి. దుకాణంలో సోల్డర్ చేయిస్తే మల్టీమీటర్‌తో 1కి 1, 2కి 2, 3కి 3 కలిశాయో లేదో, వాటిలో అవి అంటుకున్నాయో చూసుకోండి. ఒక కేబుల్‌లో 2, 3 తారుమారైతే ఒక్క మైకు వాడినప్పుడు తెలియదు. తబలాకు రెండు మైకులు పెట్టిన రోజు డగ్గా బేస్ మాయమైపోతుంది.

అపోహ: గుర్రుమంటే ప్లగ్ ఎర్త్ పిన్ తీసేస్తే సరి.

వాస్తవం: ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆంప్లిఫయర్ లోపల ఫేజ్ బాడీకి తగిలితే కరెంటు వెళ్లడానికి దారి మీ చేయీ, పెదవులూ అవుతాయి. చేతిలో ఉన్నది ఇనప తీగల గిటార్, నోటి ముందు ఉన్నది ఇనప జాలీ మైకు.

పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ వైరు లేకపోవడం మామూలే. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి దాని మెటల్ బాడీ తాకితే జివ్వుమంటే అది అనుమానించాల్సిన గుర్తు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి: ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఏప్రిల్, మే ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయి పట్టు తగ్గుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంతైతే వారానికోసారి బకెట్ నీళ్లు పోయండి.

ఎర్త్ బాగుండీ గుర్రుమంటే వరుసగా చూడాలి. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఆగితే కారణం ఛార్జర్ దారే. ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఆగకపోతే ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్లు చూడండి. మెట్లు లేకుండా జారుతూ తిరిగే రకం రెగ్యులేటర్ కరెంటు అలను ముక్కలు చేస్తుంది. పక్క గదిలో ఉన్నా దాని జీరు గిటార్ పికప్‌లోకి వస్తుంది. టక్ టక్‌మని తిరిగే కెపాసిటర్ రకం పెడితే పోతుంది. కరెంటు పోయినప్పుడే జీరు వస్తుంటే ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. రికార్డింగ్‌కు ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన సామానుకు పిన్ మార్చే అడాప్టర్ చాలు.

వాస్తవం: వెనక రాసింది చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే పిన్ మారిస్తే చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకండి. ల్యాప్‌టాప్ ఛార్జర్లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. స్టూడియో స్పీకర్లు, గిటార్ ఆంప్‌లు, పాత కీబోర్డు అడాప్టర్లే కాలిపోయేవి. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సామాను వాట్లకు రెట్టింపు సామర్థ్యంది తీసుకోండి. అది వోల్టేజీనే మారుస్తుంది, 60 హెర్ట్జ్‌ను ఇవ్వదు. ఇక్కడి నుంచి పోయేవాళ్లు పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

అమెరికా అపార్ట్‌మెంట్ల లెక్క వేరు. గోడలు చెక్క చట్రం మీద జిప్సం బోర్డు, కింద కార్పెట్. లోపల మోత తక్కువ, పక్కింటికి చప్పుడు ఎక్కువ. బట్టలు వేలాడే క్లోజెట్ తలుపు తీసి, వీపు బట్టల వైపు పెట్టి పాడితే కొన్న ఫోమ్ కంటే బాగుంటుంది. టేక్ అయ్యేదాకా హీటింగ్ ఫ్యాన్ ఆపండి. చలికాలం హీటర్‌తో గాలి ఎండి తబలా చర్మం బిగుస్తుంది, గిటార్ చెక్క పగులుతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి.

అపోహ: రెండు వైపులా ఫైబర్ నెట్ ఉంటే కలిసి లైవ్‌గా వాయించొచ్చు.

వాస్తవం: హైదరాబాద్ నుంచి డల్లాస్ నేరుగా కొలిచినా 14 వేల కిలోమీటర్లు దాటుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక వైపుకే 70 మిల్లీసెకన్లు, అసలు దారిలో ఇంకా ఎక్కువ. తాళం కలవాలంటే 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదు. నెట్ ప్యాక్ పెంచితే ఈ లెక్క మారదు. ఫైళ్లు పంపుకోవడమే దారి, అదీ పద్ధతిగా.

ముందు టెంపో (పాట వేగం) ఖాయం చేసుకోండి. ప్రాజెక్టు రెండు చోట్లా శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలి. ఒకరిది 44.1 ఉండి, అందులోకి 48 ఫైలును మార్చకుండా లాగితే పాట నెమ్మదించి శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం కిందికి పడుతుంది. గిటార్ మూడో నిమిషంలో మొదలైనా ఫైలు సున్నా నుంచే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎంపీ3 వద్దు, మార్చేటప్పుడు మొదట్లో కొంత ఖాళీ చేరి తాళం జరుగుతుంది. మోనో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే పంపండి. రివర్బ్ (కృత్రిమ మోత) వేయకుండా పొడిగా పంపండి, వేసింది తీయలేం.

పాటలో హార్మోనియం ఉంటే మొదట అదే రికార్డు చేయాలి. ఒకే స్వరానికి దాని రీడ్లు 445 హెర్ట్జ్ దగ్గర ఉండి, అవతలి కీబోర్డు 440లో ఉంటే 20 సెంట్ల తేడా (సెంటు అంటే స్వరస్థానంలో వందో వంతు). కలిపితే పాట నలిగినట్టు ఉంటుంది. రీడ్లు గీకి సవరించడం గంటల పని, కీబోర్డు ట్యూనింగ్ మార్చడం నిమిషం పని. అందుకే పది సెకన్ల షడ్జం విడిగా రికార్డు చేసి ముందే పంపండి.

అపోహ: 192 కిలోహెర్ట్జ్‌లో తీస్తేనే క్వాలిటీ, మీటరు ఎర్రగీత దాకా కొట్టాలి.

వాస్తవం: 48 కిలోహెర్ట్జ్ మనిషి చెవికి వినిపించే 20 కిలోహెర్ట్జ్‌ను దాటి పట్టుకుంటుంది. 24 బిట్‌లో చోటు చాలా ఉంది, పెద్ద స్వరం మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి. ఎర్రగీత దాటి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా బాగుచేయదు. చివర్లో లౌడ్‌నెస్ పిండడం కూడా దండగే, మైనస్ 14 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలమానం) దాటిన పాటను యూట్యూబ్ తనే తగ్గిస్తుంది. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో పాడటం అసలు కుదరదు, వినిపించేదే వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం.

అపోహ: డప్పు, బతుకమ్మ పాటలు ఇంటి సామానుతో రికార్డు కావు.

వాస్తవం: అవుతాయి. డప్పుకు డైనమిక్ మైకును రెండు మూడు అడుగుల దూరంలో, చర్మానికి ఎదురుగా కాకుండా ఏటవాలుగా పెట్టండి. ఫోన్‌తో అయితే ఆటో గెయిన్ ఆపగలిగే యాప్ వాడండి. లేకపోతే చిర్ర దెబ్బ పడగానే లెవెల్ కుంగి, సిటికెన పుల్ల చప్పుళ్లు మింగేస్తుంది. మంట మీద కాచిన డప్పు శ్రుతి చల్లారే కొద్దీ దిగుతుంది, వానాకాలం ఇంకా తొందరగా. ముందు టేకులో సగం, మళ్లీ కాచాక తీసిన దాంట్లో సగం అతికిస్తే అతుకు దొరికిపోతుంది. వేడి మీద ఉండగానే దరువు మొత్తం ఒక్క ఊపులో తీయండి.

బతుకమ్మ ఆటలో పాట చెప్పే ఆమె కూడా వలయంలో తిరుగుతూనే ఉంటుంది. కార్డియాయిడ్ మైకు పెడితే ఆమె గొంతు ఒకసారి దగ్గరై, ఒకసారి దూరమవుతుంది. అన్ని వైపులా సమంగా వినే ఆమ్నీ మైకు కావాలి. ఫోన్లలో ఉండేవి ఎక్కువగా అవే. బతుకమ్మల మధ్య స్టాండు నిలబెట్టి, చప్పట్లు గొంతుల్ని కప్పేయకుండా తల ఎత్తుకు పైన, ఆరున్నర అడుగుల దగ్గర బిగించండి. ఫోమ్ టోపీ తొడగండి, లేకపోతే చెరువు గట్టు గాలి బుస్సుమంటుంది. డీజే బాక్సులు మొదలుకాకముందే, ఆట మొదటి అరగంటలోనే తీసేయండి.