ఈఈఈ అంటే ఫ్యాన్లు బాగుచెయ్యడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు నాకు ఫోన్లు మొదలవుతాయి, మా గుంటడికి ఈఈఈ వస్తాదంటన్నారు తీసుకోమంటావా బాబూ అని. ఈఈఈ అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. వైజాగ్‌లోనే చదివి పన్నెండేళ్లుగా సబ్‌స్టేషన్ పనుల్లో ఉన్నా కాబట్టి, ప్రతిసారీ వినే మాటలన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: ఈఈఈ చదివితే ఫ్యాన్, మోటార్ రిపేర్ వచ్చెయ్యాలి.

వాస్తవం: ఫస్టియర్ సెలవులకి వెళ్తే మా పిన్ని స్టూల్ వేసి రెడీగా ఉంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందట. ఎక్కి, చూసి, దిగా. వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి ఐదు నిమిషాల్లో కెపాసిటర్ మార్చేశాడు. అదెందుకు ఉందో నాకు తర్వాత ఎలక్ట్రికల్ మిషన్స్ (మోటార్లు, జనరేటర్ల) పేపర్ చదివితే గానీ తెలీలేదు. సింగిల్ ఫేజ్ మోటార్‌లో అయస్కాంత ఫీల్డ్ అటూ ఇటూ కొట్టుకుంటుందే గానీ దానంతటది తిరగదు, రెండో వైండింగ్‌లో కరెంటుని కెపాసిటర్ కొంచెం ముందుకి జరిపితే అప్పుడు తిరగడం మొదలవుతుంది.

అపోహ: ఇంటర్‌తో మ్యాథ్స్ పీడ వదిలిపోద్ది.

వాస్తవం: వదలదు. అక్కడ బట్టీపట్టిన కాంప్లెక్స్ నంబర్లతోనే ఇక్కడ ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) సర్క్యూట్లన్నీ, కాకపోతే ఇక్కడ ఐ అంటే కరెంటు కాబట్టి, మ్యాథ్స్‌లో ఐ అని రాసే మైనస్ ఒకటి వర్గమూలాన్ని జె అని రాస్తాం.

అపోహ: పవర్ సిస్టమ్స్‌లో ఏముంది, స్తంభాలూ తీగలూ.

వాస్తవం: మన గాజువాకలోనే హెచ్‌వీడీసీ స్టేషన్ ఉంది (ఎక్కువ వోల్టేజీ డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు వాడేది), రోజూ అటు తిరిగేవాళ్లకి కూడా చాలామందికి తెలీదు. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్ (కరెంటు లైన్ల వల) వేరు, తూర్పు గ్రిడ్ వేరు, దేని ఫ్రీక్వెన్సీ (ఏసీ ఊగే వేగం) దానిదే. వాటిని ఏసీ తీగతో కలిపితే అడుగులు కలవని ఇద్దరి కాళ్లు కట్టేసి పరిగెత్తించినట్టే. అందుకని ఈ స్టేషన్లో ఒక పక్కనుంచి వచ్చే ఏసీని డీసీ చేసి, అక్కడికక్కడే మళ్లీ ఏసీ చేసి రెండో పక్కకి పంపేవారు, మధ్యలో పొడుగాటి డీసీ లైనంటూ ఏమీ ఉండదు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ కూడా కలిసి దేశమంతా ఒకే గ్రిడ్ అయింది, అయినా అలాంటి స్టేషన్లో ఎంత పవర్ ఎటు పోవాలో మనమే సెట్ చేసుకోవచ్చు, మామూలు ఏసీ లైన్ అలా మన మాట వినదు. ఈ సబ్జెక్ట్ బోరంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ఈఈఈ వాళ్లకి సాఫ్ట్‌వేర్ జాబ్ రాదు.

వాస్తవం: మా క్లాసులో సగం మంది అటే పోయారు. కోర్, అంటే ఎలక్ట్రికల్ ఉద్యోగమే కావాలంటే పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి పవర్ ప్లాంట్, స్టీల్ ప్లాంట్, ఈపీడీసీఎల్ (కరెంటు సరఫరా కంపెనీ) ఆఫీసు అన్నీ ఊళ్లోనే కనిపిస్తాయి గానీ, పరీక్ష రాయకుండా ఎవరూ పిలిచి ఇవ్వరు.

అపోహ: హైటెన్షన్ అయితేనే ప్రమాదం, ఇంట్లో కరెంటుకి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆఫయ్యే స్విచ్) ఉందిగా.

వాస్తవం: ఇంట్లో వచ్చే 230 వోల్టులు అనేది ఆర్ఎంఎస్ (ఒకరకం సగటు) లెక్క, పీక్ దాదాపు 325 వోల్టులు. పైగా ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనిషి కోసమైతే 30 మిల్లీయాంప్ లీకేజీకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ ఉండాలి. మా పిన్ని ఇంట్లో అది నేనే దగ్గరుండి పెట్టించా. ఫ్యాన్ ఆగితే మాత్రం ఇప్పటికీ ఆ ఎలక్ట్రీషియన్‌కే ఫోన్ చేస్తుంది.