సగం కోర్టు పాయింట్లను లెక్కలో వేయాలా?

6,736. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, వెంచురా అనే చిన్న ఊళ్ళో, 1983 నుంచి 1987 దాకా హైస్కూలుకు బాస్కెట్‌బాల్ ఆడిన లిన్ లోరెన్‌జెన్ కొట్టిన పాయింట్లు ఇవి. అదే అయోవాలో పుట్టి పెరిగిన కేట్లిన్ క్లార్క్ హైస్కూల్లో కొట్టినవి 2,547. బాస్కెట్‌బాల్ చూడనివాళ్ళు కూడా గుర్తుపట్టే క్లార్క్ ఎక్కడ, అయోవా బయట ఎవరూ ఎరగని లోరెన్‌జెన్ ఎక్కడ? అయినా అంకె మాత్రం రెండున్నర రెట్లు పెద్దది.

2024లో క్లార్క్ కాలేజీ రికార్డులను వరసగా దాటుకుంటూ పోయినప్పుడు ఈ లెక్కల గొడవ లేచింది. ఫిబ్రవరి 15న అప్పటిదాకా అమ్మాయిల రికార్డు అనుకున్న కెల్సీ ప్లమ్ 3,527ను, 28న పాత తరం క్రీడాకారిణి లినెట్ వుడార్డ్ 3,649ను, మార్చి 3న మగవాళ్ళ రికార్డు అయిన పీట్ మరావిచ్ 3,667ను దాటి, చివరికి 3,951 దగ్గర ఆగింది. ప్లమ్‌ను దాటిన రోజే చాలామంది అడ్డుపడ్డారు. వుడార్డ్ ఆడింది కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ అమ్మాయిల ఆటను చేతిలోకి తీసుకోకముందు కాబట్టి, ఆమె పాయింట్లు అప్పటికి ఆ సంస్థ రికార్డుల పుస్తకంలో లేవు. మరి అసలు రికార్డు ఎవరిది? అక్కడితో ఊరుకోకుండా అయోవా పెద్దవాళ్ళు ఇంకో అడుగు వెనక్కి వెళ్ళి, తమ అమ్మాయిలు ఒకప్పుడు జట్టుకు ఆరుగురితో ఆడిన సగం కోర్టు ఆట సంగతేమిటని నిలదీశారు. లోరెన్‌జెన్ ఆడింది అదే. క్లార్క్ ఏదైనా రికార్డు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ వాదన మళ్ళీ మొదలవుతోంది. ఈ కథనం అందుకే.

నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టడం, పీచ్ పళ్ళ బుట్ట, 1891... ఈ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఆ తర్వాత సంవత్సరమే స్మిత్ కాలేజీ టీచర్ సెండా బెరెన్‌సన్ ఆడపిల్లలు అలిసిపోకూడదని కోర్టును మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళు ఉండాలంది. న్యూ ఆర్లియన్స్‌లో క్లారా బేర్ కథ ఇంకా తమాషా. ఎవరు ఎటువైపు చూసుకుంటే బాగుంటుందో చూపడానికి నైస్మిత్ బొమ్మలో చుక్కల గీతలు గీస్తే, ఆమె వాటిని దాటకూడని హద్దులు అనుకుందని చెబుతారు. నిజమో కాదో గానీ, గీత మాత్రం వందేళ్ళు నిలిచింది. మూడు ముక్కలు కాస్తా రెండయ్యాయి. జట్టుకు ఆరుగురు వచ్చారు.

ఆట ఎలా ఉండేదో తెలియకపోతే ఇప్పటి తగువు అర్థం కాదు. కోర్టు మధ్యలో గీత. మీ జట్టులో ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒకవైపు, ముగ్గురు గార్డ్‌లు ఇంకోవైపు. ఫార్వర్డ్‌ల పని బుట్టలో వేయడం. గార్డ్‌ల పని అవతలి ఫార్వర్డ్‌లను ఆపడం. గీత ఎవరూ దాటకూడదు, తొక్కినా బంతి పోతుంది. మనకు కబడ్డీలో గీత దాటడమే ఆట, ఇక్కడ దాటకపోవడమే ఆట. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టి నడిపించకూడదు. గార్డ్ రీబౌండ్ (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతి) పట్టిందనుకోండి, ఒక పాసు, రెండు డ్రిబుల్స్, మళ్ళీ పాసు, అలా గీత దాకా తెచ్చి అవతల నిలబడ్డ తన ఫార్వర్డ్ చేతికి అందించాలి. ఇచ్చాక ఇక నడుం మీద చేతులు పెట్టుకుని దూరం నుంచి చూడటమే. బుట్ట పడితే అవతలి జట్టు ఫార్వర్డ్‌కు మధ్య వృత్తంలో బంతి ఇస్తారు. మళ్ళీ మొదలు.

ఇప్పుడు మామూలుగా ఐదుగురు ఆడే ఫుల్ కోర్ట్ ఆటలోనూ ఆ గీత ఉంది. బంతి ఒకసారి ముందుకు వెళ్ళాక దాన్ని వెనక్కి తేకూడదు. అంటే అక్కడ కట్టడి బంతికి. సగం కోర్టు ఆటలో కట్టడి మనిషికి. రెండింటి మధ్య మిగతా తేడాలన్నీ దీన్నుంచే పుట్టాయని నా ఉద్దేశం.

(ఒలింపిక్స్‌లో ఆడుతున్న ముగ్గురి ఆటతో దీన్ని కలపకండి. అదీ సగం కోర్టే, కానీ బుట్ట ఒక్కటే, ఆ ముగ్గురే కొట్టాలి, ఆ ముగ్గురే ఆపాలి. 12 సెకన్లలో షాట్ వేయాలి, ఆర్క్ (బుట్ట ముందు గీసిన వంపు గీత) లోపలి నుంచి 1, బయటి నుంచి 2, పది నిమిషాల్లోపు 21 ముందు ఎవరు చేరితే వాళ్ళదే గెలుపు. అవతలివాళ్ళ నుంచి బంతి లాక్కుంటే ముందు ఆర్క్ బయటికి తీసుకెళ్ళాలి. ఒక్కటే రింగు మిగిలిన స్కూలు గ్రౌండ్లలో మన పిల్లలు ఆడుకునే ఆటకు అది దగ్గర. అయోవా ఆటకు కాదు.)

ఆరుగురి ఆట వైభవం గురించి చెప్పమంటే ఎవరైనా 1968 ఫైనల్ చెబుతారు. డి మోయిన్‌లోని వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియం కిక్కిరిసిపోయింది. యూనియన్-విటెన్ తరఫున డెనీస్ లాంగ్, ఎవర్లీ తరఫున జెనెట్ ఓల్సన్. ఓవర్‌టైమ్‌లో యూనియన్-విటెన్ 113-107తో గెలిచింది. లాంగ్ 64 కొట్టింది, ఓడిన జట్టులో ఓల్సన్ 76 కొట్టింది. ఆ ఏడాదే లాంగ్ ఒక మ్యాచ్‌లో 111 కొట్టింది. మరుసటి సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ ఆమెను మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ 13వ రౌండ్‌లో ఎంచుకుంటే, లీగ్ ఆ ఎంపికను కొట్టేసింది. ఎన్నిసార్లు చెప్పినా బాగుండే కథ.

చెప్పేవాళ్ళు ఒకటి వదిలేస్తారు. ఆ రాత్రి కోర్టు మీద గార్డ్‌లు కూడా ఉన్నారు, ఒక్కో జట్టులో ముగ్గురు చొప్పున. వాళ్ళ పాయింట్లు సున్నా. ఆ రోజు బాగా ఆడలేకపోయారని కాదు. ఎంత బాగా ఆడినా సున్నాయే. గార్డ్ అమ్మాయి నాలుగేళ్ళు స్కూలు జట్టులో ఉండి, మ్యాచ్‌లో ఒక్కసారి కూడా బుట్టవైపు బంతి విసరకుండా స్కూలు దాటిపోవచ్చు. చాలామంది అలాగే దాటిపోయారు.

ఇది చాలాకాలం ఎవరికీ తప్పుగా అనిపించలేదు, స్కూలుతో ఆట ఎలాగూ అయిపోయేది కాబట్టి. కాలేజీ వచ్చి కథ మార్చింది. 1971లో కాలేజీ అమ్మాయిల ఆట ఐదుగురితో ఫుల్ కోర్ట్‌కు మారింది. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడామగా తేడా చూపకూడదని దాని సారాంశం. దాని ఊపుతో అమ్మాయిలకు కూడా ఆట మీద స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి. అప్పటిదాకా కాలక్షేపంగా కనిపించిన గీత ఒక్కసారిగా ఫీజు లెక్కలోకి దిగింది. షాట్ వేయడమే రాని గార్డ్‌ను ఏ కోచ్ తీసుకుంటారు? కొట్టడం తప్ప ఆపడం నేర్చుకోని ఫార్వర్డ్‌ను మాత్రం ఎవరు నమ్ముతారు? ఈ కథలో అసలు మలుపు ఇదే. మిగతాదంతా దీని తర్వాతి లెక్కలు సర్దడమే.

టెన్నెసీలో ఓక్ రిడ్జ్ హైస్కూల్ గార్డ్ ఒకమ్మాయి కేసు వేసింది. ఈ నిబంధన వల్ల నాకు షాట్ వేసే అవకాశమే లేదు, స్కాలర్‌షిప్ దారి మూసుకుపోయింది అన్నది ఆమె మొర. యూనివర్సిటీ ఆఫ్ టెన్నెసీ కోచ్ పాట్ సమ్మిట్ (అప్పటికింకా పాట్ హెడ్) ఆ అమ్మాయి తరఫున సాక్ష్యం చెప్పారు. 1976లో కింది కోర్టు అమ్మాయి పక్షాన తీర్పిచ్చింది. 1977లో అప్పీలు కోర్టు దాన్ని తిప్పేసింది. ఆడామగా శరీరాల్లో తేడా ఉంది, ఆట నిబంధనల్లో కూడా తేడా ఉండొచ్చు అంది. ఓక్లహామాలో అదే ఏడాది ఇలాంటి కేసు ఒకటి వీగిపోయింది.

ఆర్కన్సాలో అలా జరగలేదు. అక్కడ కేసు వేసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. 1979లో జడ్జి రిచర్డ్ ఆర్నాల్డ్ రాష్ట్ర క్రీడా సంఘాన్ని అడిగింది చిన్న ప్రశ్న. అబ్బాయిలు ఫుల్ కోర్ట్ ఆడుతున్నారు, అమ్మాయిలు సగంలో ఆడాలని ఎందుకు? శరీరతత్వం గురించి సంఘం గట్టిగా చెప్పింది ఏమీ లేదు. మొదటినుంచీ ఇలాగే ఆడుతున్నాం అన్నదొక్కటే మిగిలింది. సంప్రదాయం ఒక్కటే కారణమైతే చాలదని ఆయన తేల్చేశారు. కింది కోర్టులో ఓడినా అప్పీలులో గెలిచిన టెన్నెసీ కూడా అదే ఏడాది తనంతట తానే ఐదుగురి ఆటకు మారింది. తమ రాష్ట్రం అమ్మాయిలను తీసుకోవడం కష్టమని సొంత యూనివర్సిటీ కోచే అంటున్నప్పుడు ఎన్నాళ్ళని మొండికేస్తారు?

అయోవా వాదన కూడా చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో అమ్మాయిలకు పోటీలంటూ లేని రోజుల్లో అక్కడ ఉన్నాయి. 1925లో మగవాళ్ళ సంఘం అమ్మాయిల టోర్నీని ఎత్తేయబోతే, పల్లెటూళ్ళ స్కూళ్ళు ఎదురుతిరిగి విడిగా అమ్మాయిల సంఘం పెట్టుకున్నాయి. 1954 నుంచి దాన్ని నడిపిన ఇ. వేన్ కూలీ ఆ టోర్నీని రాష్ట్రం మొత్తం ఎదురుచూసే పండగ చేశారు. వందమంది పిల్లలు లేని స్కూలు కూడా జట్టు నిలపగలిగేది, టీవీలో కనిపించేది. పొడుగు, పరుగు లేని పిల్లకు కూడా చోటుండేది. అది పోగొట్టుకోవడానికి వాళ్ళకు మనసు రాలేదు. అందులో తప్పేం లేదు. కానీ స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళ మురిపెం కోసం గీత అవతల నిలబడ్డ పిల్ల ఫీజు ఎవరు కట్టాలి అన్నదానికి వాళ్ళ దగ్గర జవాబు ఎప్పుడూ లేదు.

చివరికి అక్కడ కూడా కేసు పడింది. సంఘం మధ్యే మార్గం పట్టి, ఇష్టమున్న స్కూళ్ళు ఐదుగురితో ఆడుకోవచ్చంది. 1985లో మొదటి ఐదుగురి టోర్నీ జరిగింది. పెద్ద స్కూళ్ళు అటు మొగ్గాయి, చిన్నవి ఉన్నచోటే ఉన్నాయి. ఎనిమిదేళ్ళు రెండూ నడిచాయి. 1993 ఫిబ్రవరిలో ఆరుగురి ఆటను ఆపేస్తున్నామని సంఘం ప్రకటించింది. మార్చిలో ఆఖరి ఫైనల్‌లో హబ్బర్డ్-రాడ్‌క్లిఫ్ 85-66తో అట్లాంటిక్‌ను ఓడించింది. ఓక్లహామా ఇంకో రెండేళ్ళు లాగి 1995లో మానేసింది.

ఇప్పుడు మళ్ళీ రికార్డుల దగ్గరికి. క్లార్క్ హైస్కూల్లో 2019లో ఒక మ్యాచ్‌లో 60 కొడితే రాష్ట్రమంతా చెప్పుకున్నారు. 1987లో ఎల్క్ హార్న్-కింబాల్టన్ స్కూలు ఫార్వర్డ్ జ్యాన్ జెన్సెన్ సీజన్ సగటే 66. క్లార్క్ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఆ జట్టు అసిస్టెంట్ కోచ్ ఈ జెన్సెనే. 2024లో లీసా బ్లూడర్ తప్పుకున్నాక హెడ్ కోచ్ అయ్యారు. జెన్సెన్ అమ్మమ్మ 1921లో రాష్ట్ర చాంపియన్ అయిన ఆడబన్ జట్టులో ఆడారు. సగం కోర్టు పాయింట్లు ఉత్తవి అనేవాళ్ళు ఒకసారి అటు కూడా చూడాలి.

పక్షపాతం లేకుండా చూస్తే ఆ అంకెలు అంత పెద్దవి కావడానికి కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. వెనక్కి పరిగెత్తే పని లేదు కాబట్టి ఊపిరంతా షాట్‌కే. ఐదుగురు కాక ముగ్గురే అడ్డం, ఖాళీ ఎక్కువ. జట్టు పాయింట్లన్నీ ముగ్గురి మధ్యే పంచుకోవాలి. ఇక ఆనాటి ఫార్వర్డ్‌ల వైపు నుంచి చూస్తే, రెండు డ్రిబుల్స్‌లో బంతి వదిలేయాలి, కాబట్టి పాసు పట్టే చోటు, అడుగు తిప్పడం, షాట్ వేయడం అన్నీ ఒక్క లిప్తలో అయిపోవాలి. ఇవాళ్టి గార్డ్‌లలా పైనుంచి బంతి ఆడించుకుంటూ వచ్చి మనిషిని తప్పించే వీలు లేదు. మోరావియా ఊరి మాలీ బోలిన్ అదే ఆట నుంచి వచ్చి, 1978లో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో ఐదుగురి ఆటలో కూడా పాయింట్ల వాన కురిపించింది. అంటే చేతిలో పని ఉంటే ఫుల్ కోర్ట్‌లోనూ పనికొస్తుంది.

వుడార్డ్ సంగతి ఇది కాదు. ఆమె ఆడింది ఫుల్ కోర్టే. మూడు పాయింట్ల గీత లేదు, అమ్మాయిల చిన్న బంతి ఇంకా రాలేదు. అయినా 3,649. ఆమెను పుస్తకంలోంచి తప్పించింది నిబంధన కాదు, ఏ సంస్థ ముద్ర ఉందన్నది. ఈ రెండు వాదనలను టీవీ చర్చల్లో ఒకే గాటన కట్టేస్తున్నారు. వుడార్డ్‌కు జరిగింది అన్యాయం. లోరెన్‌జెన్‌ను వేరే జాబితాలో పెట్టడం అన్యాయం కాదు, అది వేరే ఆట. 2020లో హైస్కూలు ముగించేనాటికి క్లార్క్ అయోవా ఐదుగురి ఆట జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. ఆరుగురి ఆటకు వరస వేరే. అలా ఉండటమే సబబు.

ఆ ఆరుగురి జాబితాలోనైనా పైనుంచి కింద దాకా ఉండేది ఫార్వర్డ్‌ల పేర్లే. లోరెన్‌జెన్ జట్టు గార్డ్‌ల పేర్లు ఏ పాయింట్ల పట్టికలోనూ దొరకవు.