నీళ్లు తాగనిచ్చిన జాన్

చిన్నా, బుజ్జీ, బాగున్నారా. మొన్న కబడ్డీ ప్రాక్టీస్‌లో సారు మధ్యలో నీళ్లు తాగనివ్వట్లేదని చిన్నా చెప్పాడు కదా, అప్పట్నుంచి నాకు ఒకాయనే గుర్తొస్తున్నాడు, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారని రాస్తున్నా.

ఆయన పేరు జాన్ గలార్డి, అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్. మన ఫుట్‌బాల్ కాదురా అది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బాల్‌ని చేత్తో పట్టుకుని పరిగెడతారు, ఎదుటి టీం వాళ్లు మీదపడి నేలకేసి కొట్టాలి, దాన్నే టాకిల్ అంటారు. కొలరాడోలో ట్రినిడాడ్ అనే ఊళ్లో 1926లో పుట్టాడు. 1943లో వాళ్ల స్కూల్ కోచ్ యుద్ధానికి వెళ్లిపోతే, టీం ఆగిపోకూడదని 16 ఏళ్ల ఈ పిల్లాడే పగ్గాలు పట్టాడు. పట్టగానే ఏం చేశాడో తెలుసా, ప్రాక్టీస్‌లో నీళ్లు తాగొద్దనే రూలు తీసేశాడు, గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం కూడా మానేశాడు.

22 ఏళ్లకి మోంటానాలో క్యారొల్ కాలేజీ కోచ్ అయ్యాడు, 1953లో మిన్నెసోటాలో సెయింట్ జాన్స్‌కి వచ్చాడు, సన్యాసులు నడిపే చిన్న కాలేజీ అది. ఇప్పుడు వాళ్లు ఆడేది డివిజన్ 3లో, అంటే ఆట బాగా ఆడతాడని ఎవరికీ స్కాలర్‌షిప్ ఇవ్వరు, చదువుకోడానికొచ్చిన పిల్లలే సాయంత్రం బూట్లేసుకుని వస్తారు. ఆయన దగ్గర విజిల్ లేదు. ప్రాక్టీస్ గంటన్నర దాటదు. టీంలోకి వస్తానన్నవాణ్ని పొమ్మనడు. కోచ్ అని పిలవద్దు, జాన్ అనండి అనేవాడు. అన్నిటికంటే పెద్దది, ప్రాక్టీస్‌లో టాకిల్ చెయ్యనివ్వడు, శనివారం మ్యాచ్‌కి ముందే మన పిల్లల్ని మనమే ఎందుకు విరగ్గొట్టుకోవాలి అని. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది, వార్మప్‌లో అందర్నీ గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కవాడితో ఈరోజు ఎంత బాగుందో అని చెప్పించేవాడు, దాన్నీ ఒక డ్రిల్లుగానే లెక్కేసేవాడు!

ఇలా అయితే గెలుస్తారా అంటారేమో. 1963, 1965, 1976లో జాతీయ ఛాంపియన్లు. 2003లో మౌంట్ యూనియన్ అని వరసగా 55 మ్యాచ్‌లు గెలిచిన టీంని ఫైనల్లో 24-6తో ఓడించారు, అప్పటికి జాన్‌కి 77 ఏళ్లు. 2012లో 86 ఏళ్లకి దిగిపోయేసరికి 489 గెలుపులు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్ని గెలిచిన కోచ్ ఇంకొకరు లేరు. 2018లో పోయాడు.

నేను ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను కదా. ఒక స్కూల్లో ఏప్రిల్ ఎండలో లేటుగా వచ్చిన పిల్లాడికి పది రౌండ్లు వేశాను, ఏడో రౌండ్లో కళ్లు తిరిగి గోల్‌పోస్ట్ దగ్గర పడిపోయాడు, వాడి పెదాలు తెల్లగా పొడిబారిపోయున్నాయి, మూతితో బాటిల్ అందుకోడానికి కూడా ఓపిక లేదు, నా చేతులతో నీళ్లు పట్టాను. వాడి మొహం నాకింకా కళ్లముందే ఉంది. జాన్ గురించి అప్పటికే తెలిసుంటే ఆ రౌండ్లు వేసేవాణ్ని కాదు.

చిన్నా, ఆదివారం వస్తున్నా, మీ సారుతో నేనే మాట్లాడతా, మర్యాదగానే. ఈలోపు బాటిల్ నిండా నీళ్లు పట్టుకెళ్లు, దాహమేస్తే చెయ్యెత్తి అడుగు.

మీ తాతయ్య