దోషం పట్టారు సరే, నిప్పు సంగతి?

అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం తర్కసంగ్రహం. దాని పాఠం హేత్వాభాసల దగ్గరికి, అంటే వాదనకు చూపే హేతువులోని (కారణంలోని) దోషాల దగ్గరికి, వచ్చేసరికి మా విద్యార్థులకు ఎక్కడలేని హుషారు పుడుతుంది. సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. ఈ ఐదు పేర్లూ నోటికి వస్తే చాలు, ఇంట్లో నాన్నగారినైనా ఓడించవచ్చని వారి ధీమా. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" (కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరు) అన్న నానుడి ఊరికే పుట్టలేదు. అన్నంభట్టు మన తెలుగువాడే లెండి.

అపోహ: హేతువులో దోషం చూపితే ఎదుటివారి మాట అబద్ధమని తేలినట్టే.

వాస్తవం: తేలదు. "పర్వతో వహ్నిమాన్, ధూమాత్" (కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి) అన్నారు. అది పొగ కాదు, పొగమంచు అని మీరు పట్టుకున్నారు. చూపిన హేతువే అక్కడ లేదు కాబట్టి ఇది అసిద్ధంలో ఒక రకం, స్వరూపాసిద్ధం. శభాష్! అంతమాత్రాన కొండ మీద నిప్పు ఆరిపోయిందా? బాధితంలోనైతే సాధ్యం (నిరూపించదలచిన విషయం) లేదని వేరే ప్రమాణమే చెబుతుంది. విరుద్ధంలో హేతువే ఎదురు తిరిగి, సాధ్యం లేదని చూపుతుంది. మిగతా మూడింటిలో చేతికి చిక్కేది సందేహమే. నిప్పు లేదనాలంటే కొండ ఎక్కి చూడాల్సిందే.

పాఠం చెప్పడం తేలికే. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం మా ఆవిడ, "కాలిన వాసన వస్తోందండీ, హాల్లో స్విచ్ బోర్డు ఎవరికైనా చూపించండి" అంది. కిటికీ తెరిచాను. ఎదురింటి వాకిట్లో ఎండుటాకులు తగలబడుతున్నాయి. వాసన అక్కడిదని నిరూపించి, తిరిగి పుస్తకం పట్టుకున్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. మూడో రోజు రాత్రి ఆ బోర్డే కరిగి నల్లగా కిందికి జారింది. ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, "వైరు వదులై చాలా రోజులైందండీ" అన్నాడు.

ఆమె ఇంకేమీ అనలేదన్నాను కదా, అదీ చెప్పాలి. "నాకు వెంటనే జవాబు తట్టదండీ, అందరి ముందూ తెల్లమొహం వేస్తాను" అని దిగులుపడే పిల్లలు ఏటా ఒకరిద్దరు నా దగ్గరికి వస్తారు. న్యాయసూత్రాల గౌతముడు చెప్పిన 22 నిగ్రహస్థానాల్లో, అంటే వాదంలో ఓడినట్టు లెక్కించే సందర్భాల్లో, దాని పేరు అప్రతిభ. సభలో అది ఓటమే, కాదనను. ఓడింది మీరు, మీ మాట కాదు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని మర్నాడు చెప్పండి. తత్త్వం తెలుసుకోవడానికి చేసే వాదంలో గడియారంతో పనిలేదు.

ఇక వితండవాదమంటే గొంతు చించుకోవడం కాదు. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని ఖండిస్తూ పోవడం. నవ్వుతూ, మెత్తగా కూడా చేయవచ్చు; అలా చేసేవారే ఎక్కువ.

వాదంలో మాట చెప్పిన మనిషి గురించి ఎత్తడమే తప్పన్నది మరో అపోహ. అనుమానప్రమాణం దగ్గర, అంటే పొగను బట్టి నిప్పును తెలుసుకున్నట్టు హేతువును బట్టి తేల్చే చోట, అది తప్పే. కానీ ఒకరి మాటను బట్టి తెలుసుకునే శబ్దప్రమాణానికి ఆధారమే ఆప్తుడు, అంటే నమ్మదగిన మనిషి. చెప్పిన మనిషికి విషయం తెలుసా, నిజం చెప్పే అలవాటుందా అని అక్కడ అడిగి తీరాలి. మా ఇంట్లో వాసనల విషయంలో ఆప్తవాక్యం ఎవరిదో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.