ఇంట్లో కట్టిన క్రిస్మస్ స్టార్ నిలవదా? అపోహలు - వాస్తవాలు

డిసెంబరు దగ్గరపడితే విజయవాడ వన్ టౌన్‌లో, గుంటూరు పట్నంబజారులో రెడీమేడ్ అలంకరణలకు కొదవుండదు. అయినా వెదురు బద్దలు, రంగు కాగితం, కాస్త మైదా ఉంటే ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు సాయంత్రాల్లో అంతకన్నా గట్టి స్టార్ కట్టుకోవచ్చు. చాలామందిని వెనక్కి లాగేవి ఈ కింది మాటలే.

అపోహ: ఇంట్లో కడితే స్టార్ వంకరపోతుంది, వారానికే ఊడిపోతుంది.

వాస్తవం: కొలత లేకపోతే వంకరపోతుంది. బద్దలు పచ్చివైతే ఊడిపోతుంది. బుట్టలు, తడికెలు అల్లేవాళ్ల దగ్గర సెంటీమీటరు వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న బద్దలు చీల్పించుకుని రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. పచ్చి బద్ద ఆరేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కట్టిన దారం వదులవుతుంది. పేళ్లు గుచ్చుకోకుండా అంచులు గరుకు కాగితంతో రుద్దాకే పిల్లల చేతికివ్వాలి.

60 సెం.మీ. బద్దలు పది, 15 సెం.మీ. ముక్కలు ఐదు కావాలి. ప్రతి పొడవు బద్ద మీదా రెండు చివరల నుంచీ 23 సెం.మీ. దగ్గర గీత పెట్టండి. ఐదు బద్దలు ఆ గీతల దగ్గరే ఒకదాన్నొకటి దాటాలి. అప్పుడు కొనలు వాటంతటవే సమానంగా వస్తాయి. ఒక్కో బద్ద ఒకచోట పైనుంచి, ఇంకోచోట కిందనుంచి వెళ్లేలా అల్లితే సగం బిగువు అల్లికలోనే వస్తుంది. గణుపు కూడలి మీద పడకూడదు, వంచితే అక్కడే విరుగుతుంది. కూడళ్లను, కొనలను పురికొసతో నాలుగేసి చుట్లు చుట్టి ముడేయండి.

ఇలాంటి చట్రాలు రెండు చేసి, కొనలకు కొనలు కలిపి కట్టి, లోపలి ఐదు కూడళ్ల దగ్గర చిన్న ముక్కల్ని రెండింటి మధ్య నిలబెడితే స్టార్ పొట్ట ఉబ్బుతుంది. ముక్క చివర్లలో గాటు పెడితే జారదు. ఐదో ముక్క దగ్గర బద్దలు మొరాయిస్తాయి. ఒకరు రెండు చట్రాలనూ ఎడంగా లాగి పట్టుకోవాలి, ఇంకొకరు ముక్క దూర్చాలి. చిన్న చేతుల అవసరం అక్కడే ఎక్కువ.

అపోహ: కాగితాన్ని ఎంత లాగి అంటిస్తే అంత బిగువు.

వాస్తవం: కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. తడిమీద లాగి అంటించినది ఆరేటప్పుడు కొనల దగ్గర చిరుగుతుంది. ముడత లేకుండా పరిచి, 2 సెం.మీ. అంచును బద్ద చుట్టూ మడిచి అంటించండి. తెల్లారేసరికి దానంతటదే బిగుస్తుంది. జిగురుకు రెండు పెద్ద చెంచాల మైదాను ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపాలి. తర్వాత గ్లాసు నీళ్లు పోసి, సన్నమంట మీద నిగనిగలాడేదాకా తిప్పాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్నచోట వద్దే వద్దు. మైదా జిగురు రాత్రి మంచుకు మెత్తబడుతుంది కాబట్టి స్టార్‌ను సన్‌షేడ్ కిందే వేలాడదీయండి.

అపోహ: 60 వాట్ల బల్బు పెడితేనే స్టార్ వెలుగుతుంది.

వాస్తవం: పాతకాలపు ఫిలమెంటు బల్బు తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. కాగితం మాడేది అందుకే. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు, అదీ కాగితానికి రెండు వేళ్ల ఎడంగా ఉండాలి. వెనకవైపు మధ్యలోని పంచభుజానికి కాగితం వేయకండి. వేడి బయటికి పోతుంది, బల్బు మార్చడానికి చెయ్యీ పడుతుంది. వైరు అతుకులు ఆరుబయట ఉండకూడదు.

అపోహ: థర్మోకోల్, దూది మంచు లేకపోతే ఏసు పుట్టిన పశువుల పాక పాకలా ఉండదు.

వాస్తవం: ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ పాక ఏర్పాటు చేసినప్పుడు అక్కడున్నవి ఎండుగడ్డి, ఎద్దు, గాడిద. కృష్ణా డెల్టాలో వరికోతల కాలమిది, గడ్డికి కరువేముంది? ఒకరోజు ఎండలో వేస్తే బూజు పట్టదు. గడ్డి, దూది ఇట్టే అంటుకుంటాయి కాబట్టి పాకలో కొవ్వొత్తి పెట్టొద్దు.

అపోహ: ప్లాస్టిక్ చెట్టు కొనక తప్పదు.

వాస్తవం: నాలుగడుగుల సరుగుడు కొమ్మను తడి ఇసుక బకెట్లో గుచ్చితే క్రిస్మస్ చెట్టే. రెమ్మలు సన్నవి, గాజు బంతులకు వంగిపోతాయి. కాగితపు గొలుసులు, రంగు కాగితం చుట్టిన అగ్గిపెట్టెలు సరిపోతాయి. 20వ తేదీ దాటాక తెచ్చుకోండి, ముందే తెస్తే పండగనాటికి ఎండి రాలుతుంది.

అపోహ: 24 రాత్రి కూర్చుంటే అయిపోతుంది.

వాస్తవం: బద్దలు ఆరాలి, జిగురు ఆరాలి. అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కు సిద్ధపడే కాలం, మొదలయ్యేది క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం. ఆ రోజుకు స్టార్ వెలగాలంటే అంతకు వారం ముందే వెదురు ఇంటికి రావాలి. జనవరి 6 తర్వాత దింపి, కాగితం చించేసి, బద్దల మీద మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచి అటకెక్కించండి. తుడవకపోతే బొద్దింకలు చేరతాయి. చట్రం బాగుంటే వచ్చే ఏడాది కాగితం ఒక్కటే కొనుక్కోవాలి.