నల్లగొండ బ్యాలెట్, స్వీడన్ పైరేట్లు, రేషన్ షాపు మెషిన్

1996 లోక్‌సభ ఎన్నిక అంటే నల్లగొండలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంకర్లు పోతున్నా అడిగే దిక్కు లేదని దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితి పిలుపునిచ్చింది. జనం నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. గెలవడానికి కాదు, ఢిల్లీకి వినపడాలని వేసిన నామినేషన్లవి. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, అది వేరే సంగతి.

పదేళ్లకు, 2006 జనవరి 1న, స్వీడన్‌లో రిక్ ఫాల్క్‌వింగే ఇలాగే తన గొడవ వినపడాలని పైరేట్ పార్టీ పెట్టాడు. పాటలు, సినిమాలు నెట్‌లో పంచుకునేవాళ్లను పైరేట్లు, అంటే సముద్రపు దొంగలంటుంటే ఆ తిట్టునే పేరుగా తగిలించుకున్నారు. కాపీరైట్ పట్టు సడలించాలి, జనం మాటల మీద నిఘా వద్దు. వాళ్ల గొడవంతా ఇదే. మే 31న పోలీసులు, పాటలు, సినిమాలు పంచుకునే పైరేట్ బే సైట్ సర్వర్లు పట్టుకుపోయారు. సైట్ వేరు, పార్టీ వేరు. అయినా ఆ కోపంతో సభ్యత్వాలు ఒక్కసారిగా పెరిగాయి. సెప్టెంబర్‌లో స్వీడన్ పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం 0.63 శాతం ఓట్లే రాలాయి. 2009 యూరప్ పార్లమెంటు ఎన్నికలకు అది 7.1 శాతమైంది. అదే పేరుతో వేరే దేశాల్లో పుట్టిన పార్టీలకు 2011లో బెర్లిన్‌లో 15 సీట్లు, 2017లో చెక్ దేశంలో 22 వచ్చాయి. స్వీడన్ పైరేట్లకు యూరప్ పార్లమెంటులో దక్కిన రెండు సీట్లూ 2014లో పోయాయి.

మన దగ్గర నిఘా మీద కొట్లాడే పని ఏ పార్టీ నెత్తినేసుకోలేదు. కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి 2012లో ఆధార్‌పై సుప్రీంకోర్టుకెక్కారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని కేంద్రం వాదించింది. హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలూ తేల్చారు. మరుసటి ఏడు, ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడాన్ని కోర్టు కొట్టేసింది, రేషన్‌కు ఉంచింది. 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వానికి మినహాయింపులు దండిగానే ఉన్నాయి.

ఇక్కడే పాలమూరు గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి మట్టిపని చేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. బొటనవేలు కొంగుకు తుడిచి పెడుతుందో అవ్వ, రేషన్ షాపు మెషిన్ తీసుకోదు. ‘ఇంకో వేలు పెట్టవ్వా’ అంటాడు డీలర్. వెనక లైన్లో గొణుగుడు. ఆ వేలిముద్ర ఎక్కడికి పోతుందో ఆమె అడగదు, బియ్యం వస్తే చాలు. ఈ మెషిన్ సంగతి ఎత్తి ఓటడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.